సాక్షి నోట్లో మాట

కోర్టు ఆవరణలో వెనక మాట్లాడుకునేటప్పుడు అందరూ ఆమెను మేనత్త అనేవాళ్ళు. ఎదురుపడితే మాత్రం మేడమ్. ఆ పేరు పెట్టిన పుణ్యం ఆమె పై అధికారిది. ఒకరోజు ఫైలు బల్ల మీద విసిరికొట్టి, "నువ్వు ప్రాసిక్యూటరువా, ముద్దాయిల మేనత్తవా?" అని అరిచాడు. గది తలుపు బార్లా తెరిచి ఉంది. గుమస్తాల చెవులు అంతకంటే బార్లా తెరిచి ఉన్నాయి. సాయంత్రానికల్లా క్యాంటీన్ దాకా పాకిపోయింది. ఆమె మాత్రం పల్లెత్తు మాట అనలేదు. తిట్టే హక్కూ దగ్గరికి తీసుకునే హక్కూ రెండూ ఉన్నది మేనత్తకే కదా, ప్రభుత్వం తనకు ఇంతకంటే మంచి హోదా ఎప్పుడిచ్చింది కనక అనుకుంది.

మొదటినుంచీ ఆమె ఇలాంటి మనిషి కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ముద్దాయికి జైలు పడకపోతే ఆ పూట అన్నం సహించేది కాదు. ఎదుటి వకీళ్ళకు మూడు చెరువుల నీళ్ళు తాగించేది. ఆమెను మార్చింది ఒక సైకిళ్ళ దొంగ. మొదటిసారి వాణ్ణి లోపలికి పంపింది. బయటికొచ్చి ఇళ్ళ తాళాలు పగలగొట్టాడు. మళ్ళీ పంపింది. ఆ తర్వాత కత్తితో దొరికాడు. మూడోసారి బోనెక్కబోతూ, పెళ్ళిలో కనిపించిన చుట్టంలా ఆగి, "బాగున్నారా మేడమ్? ఏంటిలా చిక్కిపోయారు?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వేసింది కానీ ఇంటికెళ్ళాక ఆ నవ్వు నిలవలేదు. "వాణ్ణి నేనే పై తరగతులు చదివిస్తున్నానండీ" అంది భర్తతో. ఆయన పేపరు దించకుండానే, "ఫీజు మాత్రం ప్రభుత్వానిది" అన్నాడు.

అప్పట్నుంచి ఆమె వేరే దారి పట్టింది. చిన్న నేరాలకు జైలు బదులు పని అడిగేది. తాగి దుకాణం అద్దం పగలగొట్టినవాడు ఆ దుకాణంలోనే అరలు సర్దాలి. గోడల మీద బూతులు రాసినవాడు ఆ గోడలకే సున్నం వెయ్యాలి. అంతకంటే ముఖ్యంగా, నష్టపోయినవాళ్ళ ఎదురుగా కూర్చుని, చేసిందేమిటో తన నోటితో తను చెప్పాలి. నిజాన్ని ఎదురెదురుగా కూర్చుని చెప్పుకుంటే చెప్పినవాడూ తేలికపడతాడు, విన్నవాళ్ళూ తేలికపడతారు అని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకం మీదే జడ్జీలతో పోట్లాడింది, పోలీసులతో మాటలు పడింది, ప్రమోషన్లు పోగొట్టుకుంది. అందరూ బాగుపడ్డారని చెబితే అది పచ్చి అబద్ధం. ఆసుపత్రిలో పని చెయ్యమని పంపితే ఆసుపత్రి ఫ్యాన్లే ఊడబీక్కుపోయిన ఘనుడు కూడా ఉన్నాడు. కానీ చాలామంది నిలబడ్డారు. వాళ్ళందరిలోకీ ఆమె గర్వంగా చూపించుకునేది డ్రైవరుని.

డ్రైవరంటే ఒకప్పుడు సరుకుల వ్యాన్ నడిపినవాడు. ఒక మధ్యాహ్నం, బడి వదిలే వేళకి, ఇంటి నంబరు కోసం ఫోన్లోకి తల వంచాడు. తల ఎత్తేలోపు ఆరేళ్ళ పిల్లాడు బండి కింద ఉన్నాడు. పారిపోలేదు. పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని రోడ్డు మధ్యలో కూర్చున్నాడు. అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం పోయింది. కోర్టులో తప్పు ఒప్పేసుకున్నాడు. చావు కేసులో జైలు వద్దని ప్రాసిక్యూటరే అడగడం ఆ కోర్టు అంతకుముందు ఎరగదు. పిల్లాడి తండ్రి రెండు వాయిదాలు ఆలోచించి, తలొంచుకునే, "మా వాడు తిరిగి రాడు కదా. మీ ఇష్టం" అన్నాడు. తల్లి కోర్టు గడప తొక్కలేదు. డ్రైవరు ముఖం చూడనని కబురు పంపింది, అంతే.

వాడి లైసెన్సు రద్దయింది. ప్రమాదాల వార్డులో స్ట్రెచర్లు తోసే పని పడింది. శిక్ష గడువు అయిపోయాక ఆసుపత్రివాళ్ళే, మా డ్రైవరు మాకు కావాలి అని ఉద్యోగమిచ్చి ఉంచేసుకున్నారు. స్టీరింగు పట్టి ఏళ్ళు గడిచినా ఆ పేరు మాత్రం పోలేదు. శిక్షలో ఇంకో భాగం ఉంది. బళ్ళలో, కాలేజీల్లో, పోలీసు శిక్షణ తరగతుల్లో నిలబడి జరిగింది చెప్పాలి.

అక్కడే మేనత్త ఒక తప్పు చేసింది. ఆ తప్పు ప్రాసిక్యూటరు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. ఆమెకు సాక్షుల్ని తయారుచెయ్యడం వచ్చు. ఎక్కడ మొదలెట్టాలి, ఎక్కడ ఆగాలి, ఏది ముందు, ఏది వెనక. డ్రైవరుని తన గదిలో కూర్చోబెట్టుకుని, బోనెక్కబోయే సాక్షిని దిద్దినట్టే దిద్దింది. "ఇది ముందు చెప్పు. ఇక్కడ ఆగు. కాసిని నీళ్ళు తాగు. కంగారు పడకు." వాడు చెప్పినదాంట్లో కొంత కత్తిరించింది. ఆఖరి ఘట్టం దగ్గర ఏదో వెలితిగా అనిపించింది. "పిల్లాడు వాళ్ళమ్మను తలుచుకోలేదా? అమ్మా అనలేదా?" అని అడిగింది. డ్రైవరు కాసేపు నేల చూపులు చూసి, "అనే ఉంటాడు మేడమ్" అన్నాడు. "అయితే ఆ మాట చెప్పు" అంది. ఎదుటి వకీలు తన సాక్షిని ఇలాంటి ప్రశ్న అడిగితే, సాక్షి నోట్లో మాట పెడుతున్నారంటూ ఆమె ఒంటికాలి మీద లేచేది. తన గదిలో తనకు అభ్యంతరం చెప్పేవాళ్ళు ఎవరున్నారు?

ఆ మాటతో డ్రైవరు ఉపన్యాసానికి ప్రాణమొచ్చింది. "కళ్ళు తెరిచి, అమ్మా అన్నాడు. అంతే" అని వాడు ఆగగానే మీసాలున్న ఇన్‌స్పెక్టర్లు కూడా ముక్కులు తుడుచుకునేవాళ్ళు. విన్న పిల్లలు ఇంటికెళ్ళి తండ్రుల చేతుల్లోంచి ఫోన్లు లాక్కున్నారని టీచర్లు చెప్పేవాళ్ళు. నాలుగు ప్రాణాలు నిలబడి ఉంటాయి కదా అని మేనత్త తృప్తి పడేది. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆమె మళ్ళీ తలుచుకోలేదు.

ఏళ్ళు గడిచాయి. నిర్లక్ష్యపు డ్రైవింగ్ కేసుల్లో ఈ పద్ధతిని అన్ని కోర్టుల్లోనూ పెట్టాలా వద్దా అని తేల్చడానికి పెద్ద జడ్జీలు ఒక రోజు సభ పెట్టారు. మేనత్త జీవితమంతా మోసుకొచ్చింది ఆ ఒక్క పూటలో అటో ఇటో తేలిపోతుంది. డ్రైవరు మాట్లాడాలి. వాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికంటే ముందే వచ్చి, సభ హాలు పక్కనున్న చిన్న గదిలో కూర్చున్నాడు. మడతకుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్న గది అది. ఓ మూల నీళ్ళ ఫిల్టరు చుక్క చుక్కగా కారుతోంది. మేనత్త వాడి కాలరు సరిచేసి, "భయపడకు, ఎప్పుడూ చెప్పేదే కదా" అంది. వాడు తలూపాడు. ఈ మధ్య వాడు బొత్తిగా భయపడ్డం లేదని ఆమె గమనించలేదు.

అప్పుడే గుమస్తా తలుపు తోసి, "మేడమ్, ఎవరో ఆవిడ మీకోసం. ఎంత చెప్పినా వెళ్ళడంలేదు" అన్నాడు. అతని వెనకే ఆవిడ లోపలికి వచ్చేసింది. నేత చీర, భుజానికి గుడ్డ సంచీ, తలలో సగం తెలుపు. మేనత్త గుర్తుపట్టలేదు. డ్రైవరు కూడా ఎప్పుడూ చూడలేదు.

"నేను ఆ పిల్లాడి తల్లిని" అంది ఆవిడ.

డ్రైవరు లేచి నిలబడ్డాడు. మేనత్త పేర్చి ఉన్న కుర్చీల దగ్గరికి వెళ్ళింది. ఒక మడతకుర్చీ తీసి తెరవబోతే అది ఇరుక్కుపోయింది. రెండోది తీసి వేసి, "కూర్చోండమ్మా" అంది. గుమస్తాకి కళ్ళతోనే వెళ్ళమని చెప్పింది.

ఆవిడ కూర్చుంది. డ్రైవరు వైపు చూసి, "నువ్వేనా?" అంది. వాడు రెండు చేతులూ జోడించాడు. ఆవిడ ఆ చేతుల్ని కాసేపు చూసింది.

"నిన్ను తిట్టడానికి రాలేదు బాబూ. తిట్టాల్సిందంతా ఇంట్లో గోడల్ని తిట్టేశాను. మా చిన్న మరిది బళ్ళో టీచరు. నువ్వు వాళ్ళ బడికొచ్చి మాట్లాడావట. మా వాడు ఆఖర్న అమ్మా అన్నాడని చెప్పావట. మరిది ఇంటికొచ్చి నాకు చెప్పాడు. అప్పట్నుంచి నాకేమీ తోచడంలేదు. ఒక్క మాట అడిగిపోదామని వచ్చాను. నిజంగా అన్నాడా?"

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు. "నేను బండి దిగి పరుగెత్తాను. మోకాళ్ళ మీద కూర్చున్నాను. వాణ్ణి ఒళ్ళోకి తీసుకున్నాను. అప్పుడు వాడు..." అని ఆగాడు. ఆగాల్సిన చోటే ఆగాడు. చెయ్యి దానంతటదే నీళ్ళ గ్లాసు కోసం గాల్లోకి చాచుకుంది. అక్కడ గ్లాసు లేదు.

"ఉపన్యాసం వద్దు నాయనా" అంది తల్లి మెల్లగా. "నాకొక్కదానికే చెప్పు. ఎందుకు అడుగుతున్నానంటే, పుట్టిన దగ్గర్నుంచీ వాడు నన్ను ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. దారినపోయేవాళ్ళంటారు. కూరలబండివాడంటాడు. ఇందాక ఈ మేడమ్ గారు కూడా అన్నారు. నా కడుపున పుట్టినవాడు మాత్రం అనలేదు. బతిమాలేదాన్ని, ఒక్కసారి అనరా, చాక్లెట్ ఇస్తాను అని. పెద్దయ్యాక అంటాలే అనేవాడు." ఆవిడ నవ్వబోయింది, కుదర్లేదు. "అందుకని అడుగుతున్నాను. ఆ ఒక్కసారీ అన్నాడా? అంటే మాత్రం... నేను ఆ ఒక్క మాట పట్టుకుని బతికేస్తాను. అబద్ధమైతే అబద్ధమని చెప్పేయండి. కోర్టుల్లో మీరు అందరిచేతా ప్రమాణం చేయిస్తారు కదా."

డ్రైవరు కళ్ళు గట్టిగా మూసుకుని, మళ్ళీ తెరిచాడు.

"నాకు తెలీడం లేదమ్మా. కళ్ళు మూసుకుంటే మైకు కనిపిస్తోంది. ముందు వరసలో కుర్చీలు కనిపిస్తున్నాయి. వాడి మొహం రావడంలేదు. ఇదివరకు వచ్చేది. నిద్దట్లో కూడా వచ్చేది. చెప్పీ చెప్పీ... ఇప్పుడు చెప్పింది తప్ప జరిగింది గుర్తులేదు." వాడు మేనత్త వైపు తిరిగాడు. బోనులో చిక్కుకున్న సాక్షి తన వకీలు వైపు చూసే చూపు అది. "మీకేమైనా గుర్తుందా మేడమ్? మొదట్లో మీకే చెప్పాను కదా."

ఆ అమ్మా అన్న మాట తను పెట్టిందేనని మేనత్తకు తెలుసు. దాని స్థానంలో ముందు ఏముందో మాత్రం ఎంత తవ్వుకున్నా అందడంలేదు.

"మరి మిమ్మల్ని ఏమని పిలిచేవాడు?" అంది చివరికి. కాలయాపన కోసం అడిగిన ప్రశ్న అది.

"వదినా అని" అంది తల్లి. "నాకు ముగ్గురు మరుదులు. అందరం ఒకే ఇంట్లో. పొద్దున లేస్తే వదినా కాఫీ, వదినా తువ్వాలు. వాడికీ అదే అలవాటైంది. నువ్వు మీ అమ్మకి కొడుకువా, మరిదివా అని ఇరుగుపొరుగంతా ఏడిపించేవాళ్ళు. మరిదినే అనేవాడు వెధవ."

ఆ మొదటి రోజు మొత్తం ఒక్కసారిగా మేనత్త కళ్ళ ముందుకొచ్చింది. ఎండ పడుతున్న తన గది, ఎదురుగా గడ్డం పెరిగిన డ్రైవరు. వాడి గొంతులో అప్పుడు ఉపన్యాసం లేదు. వాడు చెప్పింది ఇది. పిల్లాడు కళ్ళు తెరిచాడు, నా చొక్కా పట్టుకున్నాడు, వదినకి చెప్పొద్దు అన్నాడు. ఎవరీ వదిన అని తనే విసుక్కుంది. వినేవాళ్ళకి అర్థం కాదు, పైగా పిల్లాడే ఏదో తప్పు చేసి దాస్తున్నట్టు వినిపిస్తుంది, అది తీసెయ్ అంది. తీసేసి ఆ ఖాళీలో ఇంకో మాట పెట్టింది.

ఆ నిజం ఇప్పుడు లోకంలో తన ఒక్కదాని దగ్గరే ఉంది. అన్నాడమ్మా, నిజంగానే అన్నాడు అంటే చాలు. ఈవిడ ఆ మాట గుండెకి హత్తుకుని వెళ్ళిపోతుంది. డ్రైవరు స్టేజీ ఎక్కుతాడు. పక్క హాల్లో జడ్జీలు కాగితాల మీద సంతకాలు పెడతారు. ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఆ తల్లి కళ్ళార్పకుండా చూస్తోంది. ఎదురెదురుగా నిజం చెప్పుకుంటే మనుషులు తేలికపడతారని ఇన్నేళ్ళూ అందరికీ నూరిపోసిన మనిషి తను. పైగా, పిల్లాడు ఆఖరి క్షణంలో తలుచుకున్నది ఈవిడనే కదా, అది తెలిస్తే ఈవిడకు ఊరటే కదా అనుకుంది. నిజంగా అలాగే అనుకుంది పాపం.

"అమ్మా అనలేదు" అంది. "ఆ మాట నేను పెట్టాను. తప్పు నాది, ఇతనిది కాదు. మీ బాబు అన్న మాట వేరే. అప్పుడు నాకు అర్థం కాలేదు. వదినకి చెప్పొద్దు అన్నాడు."

తల్లి విన్నదో లేదో తెలీనంత మామూలుగా కూర్చుంది. తర్వాత ఒళ్ళో ఉన్న సంచీ కిందికి జారిపోయింది. దాన్ని తీసుకోలేదు.

"ఆ రోజు పొద్దున బడి గేటు దగ్గర నేనే చెప్పాను" అంది. "నేను వచ్చేదాకా కదలొద్దు, రోడ్డు దాటావంటే కాళ్ళు విరగ్గొడతాను అన్నాను. రోజూ అనే మాటే. వాడూ రోజూ నవ్వేవాడు. నా చెయ్యి ఎప్పుడూ వాడి మీద పడలేదు మేడమ్. ఒట్టి మాట. ఒట్టి నోటి మాట."

"మిమ్మల్నే తలుచుకున్నాడమ్మా" అంది మేనత్త. ఆ మాట ఎంత పేలవంగా ఉందో ఆమెకే వినిపించింది.

"తలుచుకుని భయపడ్డాడు" అంది తల్లి. "అంత నొప్పిలో నేను తిడతానని భయపడ్డాడు." ఆవిడ మేనత్త వైపు తిరిగింది. కోపం లేదు. ఏమీ తెలియని చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది. "చెప్పొద్దన్నాడు కదా మేడమ్. ఎందుకు చెప్పారు?"

మేనత్త గోడనానుకుని నిలబడిపోయింది. ఏడుపొస్తోంది. ఏడ్చే హక్కు తనకెక్కడిదని ఆపుకుంటోంది. తన నమ్మకం, తన పద్ధతి, పక్క హాల్లో ఎదురుచూస్తున్న పెద్దమనుషులు, అన్నీ ఒక్కసారిగా అక్కర్లేనివైపోయాయి.

అప్పుడు డ్రైవరు కింద కూలబడ్డాడు. "చెప్పనులే నాన్నా అన్నాను" అన్నాడు. "వచ్చింది. మొహం వచ్చింది. ముందు పన్ను ఒకటి లేదు. వదినకి చెప్పొద్దు అన్నాడు. చెప్పనులే నాన్నా, ఎవ్వరికీ చెప్పను అన్నాను. అప్పుడే చొక్కా వదిలాడు." ఇన్ని హాళ్ళలో ఒక్క చుక్క కార్చనివాడు నేల మీద ముడుచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

తలుపు మీద ఎవరో వేలితో కొట్టారు. "మేడమ్, జడ్జీలు వచ్చేశారు. అందరూ కూర్చున్నారు" అంది గుమస్తా గొంతు. మేనత్త వెళ్ళి తలుపు లోపల గడియ పెట్టింది. "ఇంక నువ్వెక్కడా చెప్పక్కర్లేదు" అంది డ్రైవరుతో. ఆ మాటతో తన జీవితకాలపు పని మునిగిపోతుందని తెలిసే అంది.

వాడు వినలేదు. తల్లి కుర్చీలోంచి దిగి వాడి ఎదురుగా నేల మీద కూర్చుంది. వాడి చొక్కా మీద చెయ్యి వేసి, పిల్లాడు పట్టుకున్నది ఇక్కడేనా అన్నట్టు తడిమింది. ఇస్త్రీ మడత నలిగిపోయింది. ఆవిడ చూపు వాడి మీద లేదు, గదిలో ఉన్న ఎవరి మీదా లేదు.

"నాకెవరూ ఏమీ చెప్పలేదురా" అంది. "ఒట్టు. నాకేం తెలీదు. నిన్ను ఒక్క మాట కూడా అనను. ఇంటికొచ్చెయ్."